పన్నెండు మీటర్ల కల, నాలుగున్నర మీటర్ల పడవ

లెబోన్‌క్వాన్ అనే ఫ్రెంచి చిన్న ప్రకటనల సైట్లో ఏ కాలంలో వెతికినా ఒక రకం ప్రకటన తగులుతుంది. పన్నెండు మీటర్ల ఉక్కు పడవ, పని సగం పైన అయిపోయింది, ఇంజిన్ ఇంకా పెట్టెలోనే ఉంది, స్థలం ఖాళీ చెయ్యాలి, ధర మాట్లాడుకోవచ్చు. ఫొటోలో ఒక పొలం, పాత షెడ్డు, తుప్పు రంగులో పెద్ద ఆకారం, దాని నడుం దాకా ఎగబాకిన ముళ్లపొదలు. సముద్రం ఆ పొలానికి మూడు నాలుగు గంటల కారు ప్రయాణం.

ఇలాంటివి చూసినవాళ్లు చాలావరకు ఒకే తీర్పు చెబుతారు: ఇంట్లో పడవ కట్టుకోవడమే పిచ్చిపని అని. నేను ఒప్పుకోను. ఫ్రాన్సులో పడవ కట్టడం వృత్తి కానివాళ్లు కట్టిన పడవలు కొన్ని నీళ్లలోకి దిగాయి, కొన్ని దిగలేదు. ఈ రెంటినీ విడదీసేది ముందుగా పొడవు. చేతి పనితనం, డబ్బు, ఓపిక దాని వెనకే వస్తాయి. ఆ దేశంలో సెయిలింగ్ జనంలోకి వెళ్లింది చిన్న పడవల వల్ల. ఇంటి పడవలకు చెడ్డపేరు వచ్చింది పెద్ద పడవల వల్ల.

రెండు సైకిళ్ల ఖరీదు

ఫ్రెంచి సెయిలింగ్ అనగానే వీరుల కథలే ముందుకొస్తాయి. 1964లో ఎరిక్ తబర్లీ ఒంటరిగా అట్లాంటిక్ దాటి ఇంగ్లీషువాళ్ల పోటీని గెలవడం, ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టొచ్చే పోటీగా 1989లో మొదలైన వాందే గ్లోబ్, పోటీ మొదలయ్యే రోజున లే సాబ్ల్ దొలోన్ రేవులో ఇసకేస్తే రాలని జనం. మనవాళ్లలో చాలామందికి ఆ ఊరి పేరు తెలిసింది అభిలాష్ టామీ వల్ల. 2022లో అలాగే ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసుకు ఆయన బయల్దేరిన రేవు అదే, రెండో స్థానంలో తిరిగొచ్చిన రేవూ అదే.

ఈ వీరులకు ముందు ప్లైవుడ్ ఉంది. యుద్ధంలో జర్మన్లకు వ్యతిరేకంగా రహస్య పత్రిక నడిపిన ఫిలిప్ వియానే, ఆయన భార్య ఎలెన్ 1947లో ఫ్రాన్సులోని బ్రిటనీ తీరాన కొంకార్నో ఎదుట ఉన్న గ్లెనాన్ దీవుల్లో ఒక విడిది మొదలుపెట్టారు. ప్రతిఘటనలో పనిచేసినవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకోడానికి పెట్టిన ఆ చోటు కొద్దికాలంలోనే సెయిలింగ్ బడిగా మారింది. వంటా, పాత్రలు తోమడం, పడవల మరమ్మతూ అన్నీ నేర్చుకోడానికి వచ్చినవాళ్లే చేసుకునేవారు. అందుకని అక్కడికి కావలసిన పడవ చవగ్గా ఉండాలి, కొత్తవాళ్ల చేతుల్లో దెబ్బలు తినాలి, విరిగితే అక్కడే బాగుచేసుకునేలా ఉండాలి.

జాన్-జాక్ ఎర్బులో గీసిన వోర్యాఁ అలా పుట్టింది. పొడవు 4.08 మీటర్లు, ఇద్దరికి చోటు, గుండ్రటి వంపులు లేకుండా ప్లైవుడ్ పలకలు కోణంగా కలిసే అడుగు. 1952 నుంచి జనానికి అందింది. రెండు సైకిళ్ల ఖరీదుకి పడవ అని అప్పట్లో చెప్పుకునేవారు. మొత్తం ముప్ఫై ఆరు వేలకు పైగా తయారయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం ఇళ్లలో కట్టినవి కావు, చిన్న వర్క్‌షాపుల్లో కట్టినవి. ఆ విషయం దాచి ఇంటి పడవల గొప్పగా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అయితే వర్క్‌షాపులో చవగ్గా తేల్చేది ఏదో, గ్యారేజీలో కొత్తవాడి చేత పని పూర్తిచేయించేదీ అదే: తిన్నటి పలకలు, తక్కువ ముక్కలు, ఒకే రకం అతుకులు.

ఎర్బులో తర్వాత అయిదున్నర మీటర్ల కోర్సేర్ గీశాడు. గ్లెనాన్‌లో శిక్షకుడిగా పనిచేసిన ఫిలిప్ ఆర్లే 1963లో ముస్కాదే గీశాడు. దాని పొడవు దాదాపు ఆరున్నర మీటర్లు. చూడ్డానికి అగ్గిపెట్టెలా ఉంటుంది, ఆ మాట దాని యజమానులే ఒప్పుకుంటారు. లోపల నడుం వంచి తిరగాలి. అలాంటి ముస్కాదేలు 1977లో మొదటి మినీ ట్రాన్సాట్‌లో అట్లాంటిక్ దాటే పోటీకి దిగాయి. తబర్లీ 1964లో గెలిచిన పెన్ డ్యూయిక్ 2 కూడా ప్లైవుడ్ పడవే.

మువాతెస్యే నీడ

మరి పొలాల్లో ఆ ఉక్కు పడవలు ఎక్కణ్నుంచి వచ్చాయి? జవాబు ఫ్రాన్సులో అందరికీ తెలిసిందే: బెర్నార్ మువాతెస్యే. 1968-69లో ఒంటరిగా ప్రపంచం చుట్టే పోటీలో గెలిచే అవకాశం చేతిలో ఉండగానే ముగింపు గీత వదిలేసి తాహితి దాకా సాగిపోయిన మనిషి. ఆ తర్వాతి పదేళ్లలో ఒక తరం మొత్తం ఉద్యోగం మానేసి, ఉక్కు పడవ కట్టుకుని దక్షిణ సముద్రాలకు పోవాలని కలలు కంది. వెల్డింగు ఒక వారాంతంలో నేర్చుకోవచ్చని నమ్మింది. టెలిఫోన్ స్తంభాలనే మాస్టులుగా నిలబెట్టిన ఆయన పొదుపు అందరి నోళ్లలోనూ నానింది.

ఆయన పడవ ఎవరు కట్టారన్నది మాత్రం పెద్దగా ఎవరూ గుర్తుంచుకోలేదు. పన్నెండు మీటర్ల జోషువాని 1962లో కట్టింది మువాతెస్యే కాదు. గీసింది జాన్ నొకేర్. కట్టింది సముద్రానికి ఎంతో దూరంలో, షోఫాయ్ అనే ఊళ్లో లోహపు పని వర్క్‌షాపు నడిపిన జాన్ ఫ్రికో. రేకులు వంచే యంత్రాలు, బరువులెత్తే సాధనాలు, రోజంతా వెల్డింగే చేసే పనివాళ్లు ఆయన దగ్గర ఉన్నారు. మువాతెస్యే నిజంగా తన చేతులతో కట్టుకున్న పడవ అంతకు ముందు మారిషస్‌లో కట్టిన మరీ తెరేజ్ 2. దాని పొడవు తొమ్మిది మీటర్లకు లోపే.

తబర్లీ సంగతీ అలాంటిదే. ఆయన దగ్గరున్న 1898 నాటి పడవ పెన్ డ్యూయిక్ చెక్క కుళ్లిపోతే, 1958లో ఆ పాత చెక్క ఒంటినే అచ్చుగా పెట్టి దాని మీద గ్లాసు గుడ్డ, పాలియెస్టర్ రెసిన్ పొరలు వేసి కొత్త ఒళ్లు తీశారు. గొప్ప సాహసమే. కానీ అది జరిగింది లా త్రినితే సూర్ మేర్‌లో కొస్తంతినీల పడవల కార్ఖానాలో. అంటే పెద్ద పడవల కథల్లో కనిపించే ఒంటరి మనిషి వెనక ఒక వర్క్‌షాపు ఉంది. పొలంలో పని మొదలెట్టినవాళ్ల వెనక అది లేదు.

పొడవు ఎందుకంత శత్రువు

పొడవు రెట్టింపయితే పని రెట్టింపవుతుందని సహజంగానే అనిపిస్తుంది. కానీ ఆకారం అదే ఉంచి పొడవు రెట్టింపు చేస్తే పడవ బరువు ఎనిమిది రెట్లవుతుంది. నాలుగున్నర మీటర్ల నుంచి పన్నెండు మీటర్లకు వెళ్తే దాదాపు పందొమ్మిది రెట్లు. పని గంటలు కచ్చితంగా బరువును అనుసరించి పెరగకపోయినా, సామాన్లూ శ్రమా కలిపి చూస్తే అంచనాకు పొడవుకన్నా బరువే పనికొస్తుంది. ఉదాహరణకి చిన్న పడవకు 400 గంటలు పడతాయనుకుందాం. వారానికి పది గంటలు పని చేస్తే నలభై వారాలు. దాన్ని పందొమ్మిది రెట్లు చేస్తే 7,600 గంటలు, అంటే పద్నాలుగేళ్ల పైమాటే. ఆలోపు పిల్లలు పెద్దవాళ్లవుతారు, షెడ్డు యజమాని స్థలం అమ్మేసుకుంటాడు, నడుం మొరాయిస్తుంది.

పైగా పడవ ఒళ్లు పూర్తయితే పని పూర్తయినట్టు కాదు. పడవలు కట్టేవాళ్లలో ఒక లెక్క ఉంది: ఒంటికి అయ్యేది మొత్తం ఖర్చులో సుమారు మూడో వంతు. మిగతాది మాస్టు, తాళ్లు, తెరచాపలు, పడవ నిటారుగా ఉండేందుకు అడుగున బరువుగా పెట్టే సీసం, ఇంజిన్, పైపులు, కరెంటు, లోపలి చెక్కపనికి పోతుంది. ఒళ్లు నిలబడిన రోజు ఊరంతా వచ్చి చూసి సగం అయిపోయిందంటారు. అయిపోయింది మూడో వంతే. వదిలేసిన పడవల్లో చాలావాటికి ఒళ్లు పూర్తయి ఉండటం అందుకే.

పెద్ద ఉక్కు పడవలో ఇంకో చిక్కుంది. తుప్పు బయట కన్నా లోపల ఎక్కువ పాడుచేస్తుంది. నీరు అడుగుకి జారే దారి లేకుండా పక్కటెముకల మూలల్లో నిలిచిపోతే, పైన రంగు మెరుస్తున్నా కింద రేకు పలచబడుతుంది. ఇసుక కొట్టి శుభ్రం చేసిన ఉక్కుకి వెంటనే ప్రైమర్ పూయాలి. పొలంలో, బ్రిటనీ చలికాలపు తేమలో, అది అనుకున్నంత సులువు కాదు.

చిన్న పడవ వైపు చట్టం కూడా

ఫ్రాన్సులో తెరచాప పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆరు హార్స్‌పవర్ దాటిన మోటారు పడవకే కావాలి. సొంత వాడకానికి కట్టుకున్న పడవకు యూరోపియన్ యూనియన్ ప్రమాణాలకు గుర్తయిన సీఈ ముద్ర అవసరం లేదు, నీళ్లలోకి దింపిన అయిదేళ్లదాకా అమ్మకూడదన్న షరతు మీద. రక్షణ సామగ్రి ఎంత ఉండాలన్నది ఒడ్డు నుంచి ఎంత దూరం పోతామన్నదాన్ని బట్టి మారుతుంది: 300 మీటర్లు, 2 మైళ్లు, 6 మైళ్లు, 60 మైళ్లు. 2 మైళ్ల లోపు తిరిగే చిన్న పడవకు కావలసినవి ఒక సంచిలో పడతాయి. మొత్తం బరువు 500 కిలోలు దాటని ట్రైలరుకు విడిగా రిజిస్ట్రేషను కూడా లేదు, కారు నంబరే తగిలిస్తారు. ఇక రేవులో ఏడాది పొడవునా అద్దె కట్టే బదులు పెరట్లో టార్పాలిన్ కింద ఉంచుకోవచ్చు. పెద్ద పడవ కలగన్నవాడికి ఈ సౌకర్యాల్లో చాలా భాగం అందదు.

పలక పొడవు చెప్పే మాట

ఇక పని దగ్గరికొద్దాం. యూరప్‌లో మెరైన్ ప్లైవుడ్ పలక కొలత 2.50 × 1.22 మీటర్లు. దాంట్లో మేలైనది ఒకూమే, గాబోన్ అడవుల చెట్టు. గాబోన్ 1960 దాకా ఫ్రెంచి వలస కావడం వల్లే ఈ చెక్క ఫ్రెంచి పడవల్లో ఇంతగా స్థిరపడింది. ఘనమీటరుకి 450 కిలోల లోపు, అంటే బాగా తేలిక, కానీ తడి తగిలితే తొందరగా కుళ్లే రకం. మన ఇళ్లలో కిచెన్ అల్మారాలకి వాడే ఐఎస్ 710 ప్లై కూడా మెరైన్ ప్లైయే. జిగురు మంచిదే, కానీ గర్జన్ చెక్క బరువు వల్ల అదే పడవ మోయలేనంత అవుతుంది.

రెండు పలకల్ని కలపాలంటే అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి అతికించాలి. ఏటవాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. 9 మిల్లీమీటర్ల పలకకు 72 మిల్లీమీటర్లు. అంటే రెండు పలకలు కలిస్తే 4.93 మీటర్లు. పడవ పక్క వంపు తిరిగి ఉంటుంది గనక పలక పొడవు పడవ పొడవు కన్నా ఎక్కువ కావాలి. దాంతో ఒకే అతుకుతో తేలే పడవ నాలుగున్నర మీటర్ల దగ్గర ఆగుతుంది. ఫ్రాన్స్వా వివియే గీసిన ఇల్యూర్ 4.44 మీటర్లు. ఇళ్లలో కట్టుకోడానికి ఫ్రాన్సులో బాగా పేరున్న ప్లాన్లలో అదొకటి.

కొత్తవాళ్లకు తేలికైనది కుట్టి అతికించే పద్ధతి. పలకల అంచుల వెంట పదిహేను, ఇరవై సెంటీమీటర్లకొక రంధ్రం చేసి, రాగి తీగతో రెంటినీ కలిపి పటకారుతో మెలిపెడతారు. పలకలు లేచి పడవ ఆకారం తీసుకుంటాయి. సరిగ్గా ఈ దశలో, ఇంకా జిగురు పడకముందు, పడవ మెలిక తిరిగిందో లేదో చూడాలి. ముందొకటి, వెనకొకటి రెండు తిన్నటి బద్దలు అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూస్తే అవి సమాంతరంగా కనపడాలి. తేడా ఉంటే తీగ వదులు చేసి సర్దొచ్చు. జిగురు గట్టిపడ్డాక ఆ మెలిక పడవతోపాటు ఉండిపోతుంది, గాలి ఒక వైపు నుంచి వస్తే ఒకలా, ఇంకో వైపు నుంచి వస్తే ఇంకోలా నడుస్తుంది. ఈ అయిదు నిమిషాల పని వదిలేసేవాళ్లు ఆశ్చర్యమనిపించేంత మంది ఉంటారు.

తర్వాత తీగల మధ్య చిన్న చిన్న ముద్దలుగా చిక్కటి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పెట్టి, గట్టిపడ్డాక తీగలు లాగేసి, మూల పొడవునా గుండ్రటి పూత నింపుతారు. 6 మిల్లీమీటర్ల పలకకి ఆ గుండ్రం వ్యాసార్ధం పదిహేను, ఇరవై మిల్లీమీటర్లుంటే చాలు. ఎక్కువ పెడితే బలం పెరగదు, బరువు పెరుగుతుంది. అది ఇంకా పూర్తిగా గట్టిపడక ముందే, చదరపు మీటరుకి 200 గ్రాముల గ్లాసు పట్టీ వేస్తే రెండు పొరలూ రసాయనికంగా కలిసిపోతాయి. మర్నాటికి వాయిదా వేస్తే ముందు గరుకు కాగితంతో రుద్దక తప్పదు.

ఎపాక్సీతో వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం తూకం దగ్గరే మొదలవుతాయి. పాలియెస్టర్ అలవాటున్నవాళ్లు తొందరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తారు. పాలియెస్టర్‌లో పోసేది ఒకటి, రెండు శాతం ఉత్ప్రేరకం, అక్కడ అది కొంతవరకు చెల్లుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ మిశ్రమంలోనే ఒక పెద్ద భాగం. అది ఎక్కువైతే ఎన్నాళ్లయినా మెత్తగానే ఉండిపోతుంది. ఘనపరిమాణంలో 2:1 అని రాసిన రెసిన్ తూకంలో 2:1 కాదు, హార్డెనర్ తేలిక కాబట్టి. డబ్బా మీద రెండు లెక్కలూ విడివిడిగా ఉంటాయి, తక్కెడ వాడేవాళ్లు రెండోది చూడాలి. కలిపిన రెసిన్‌ని లోతైన కప్పులో వదిలేస్తే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది, వెడల్పాటి పళ్లెంలో పోస్తే నెమ్మదిస్తుంది.

చెక్కకి మొదటి పూత సాయంత్రం వెయ్యాలి. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. వేడి తగ్గే వేళ వేస్తే చెక్క రెసిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. చల్లటి తేమ రాత్రుల్లో గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగాకే రుద్దాలి. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి తర్వాతి పూత ఊడుతుంది. చేతులకు నైట్రైల్ గ్లవుజులు, చర్మానికి అంటిన రెసిన్ తుడవడానికి ద్రావకం మాత్రం వద్దు, అది రెసిన్‌ని చర్మంలోకి ఇంకా తీసుకుపోతుంది. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే ఆ మనిషికి ఈ పని అక్కడితో ముగిసినట్టే.

ఇలా కట్టిన పడవ కుళ్లేది చాలాసార్లు వాననీటితో. మేకు రంధ్రంలోంచి, చెక్క తెగిన అంచులోంచి, గాలి ఆడని మూసిన గదిలోంచి అది దిగుతుంది. 4 మిల్లీమీటర్ల స్క్రూకి 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ రంధ్రం చేస్తే స్క్రూ చుట్టూ చెక్కే ఉండదు, కుళ్లడానికి. ఎపాక్సీ ఎండకి పాడవుతుంది గనక పైన రంగో వార్నిషో తప్పనిసరి.

మరి పాత పడవ కొనుక్కోవచ్చుగా?

ఈ వాదానికి గట్టి ఎదురుమాట ఇదే. 1970, 80ల్లో బెనెతో, జానో కార్ఖానాల్లో వేలకొద్దీ ఫైబర్‌గ్లాస్ పడవలు తయారయ్యాయి. అవి కుళ్లవు. వాటి ధరలు పడిపోయాయి. 2019 నుంచి పాత విహార పడవల్ని విరగ్గొట్టడానికి ఫ్రాన్సులో ఏకంగా ఒక వ్యవస్థే పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక ఇల్యూర్ కట్టడానికి పెట్టే డబ్బుతో, దానికన్నా పెద్ద పాత పడవ, తెరచాపలతో సహా, ఈ వారమే కొనుక్కోవచ్చు.

డబ్బు లెక్కలో నా దగ్గర దీనికి జవాబు లేదు. చవకని ఇంట్లో పడవ కట్టేవాడు తప్పుడు లెక్క వేస్తున్నాడు. 1952లో ఆ లెక్క వేరు, అప్పుడు కొత్త ప్లైవుడ్ పడవకు పోటీగా చవకైన పాత పడవ మార్కెట్లో లేదు. ఇవాళ కట్టడానికి ఉండాల్సిన కారణం కట్టడమే. ఆ కారణం నలభై వారాలు నిలబడుతుంది, పద్నాలుగేళ్లు నిలబడటం చాలా అరుదు. పెద్ద పడవ కావాల్సింది ప్రయాణానికైతే కొనుక్కోవడమే మేలు.

ఇంకో అభ్యంతరం కిట్ల గురించి. ఇప్పుడు వివియే పడవల్లాంటివి కంప్యూటర్ కోసిన ముక్కలుగా వస్తున్నాయి. గీతలు గీయడం, కోయడం ఉండదు, అడ్డగోడలు గాళ్లలో కూర్చుంటాయి. ఇది కట్టడమా, బొమ్మ పేర్చడమా అని పాతవాళ్లు విసుక్కుంటారు. నాకు ఇందులో కొంత నిజం కనిపిస్తుంది. పలక మీద గీత గీసుకుని సొంతంగా కోసినవాడు పడవ ఆకారాన్ని అర్థం చేసుకున్నట్టు కిట్ పేర్చినవాడు చేసుకోలేడు. అయినా కిట్‌లో కూడా అతుకులు, మూలలు, పూతలు, చిత్రిక, రుద్దుడు అన్నీ మిగిలే ఉంటాయి. తప్పులు జరిగేదీ అక్కడే. బ్రిటనీలోని మోర్బియాన్ ఖాతంలో రెండేళ్లకొకసారి జరిగే పడవల వారంలో తెరచాపా తెడ్డూ కలిసిన చిన్న పడవలు గుంపుగా తిరుగుతాయి. ఏది కిట్, ఏది కాదు అని దూరం నుంచి చెప్పడం కష్టం. పనితనం తేడా మాత్రం వార్నిష్‌లో తెలిసిపోతుంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ప్లాన్ కొన్నాక పలకలన్నీ ఒకేసారి తెప్పించొద్దు. ముందు చుక్కాని, సెంటర్‌బోర్డు (పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి దించే పలక) చెయ్యాలి. అందులో ముక్కలు అతికించడం, చిత్రిక పట్టడం, గ్లాసు గుడ్డ పరవడం, మూడు పూతలు, రంగు అన్నీ చిన్న కొలతలో వచ్చేస్తాయి, వేసంగి ఒక నెలలో అయిపోతాయి. బల్ల మీద పెట్టుకుని చేసే పని, షెడ్డు అక్కర్లేదు. రుద్దుడు పని నచ్చలేదనిపిస్తే అక్కడ ఆగిపోవచ్చు, పోయేది అర పలక, ఒక కిలో రెసిన్. నచ్చితే పడవ బయటికి రావడానికి గ్యారేజీ తలుపు వెడల్పు కొలిచి, లోపల పడవ వెడల్పుకి రెండు వైపులా మనిషి తిరిగేందుకు డెబ్భై సెంటీమీటర్ల చొప్పున కలిపి చూసుకుని, అప్పుడు మిగతా పలకలకు ఆర్డరివ్వాలి.